డాక్టర్ సలహా: మందు లేని కాన్పుకు క్లాసులు కావాలా?

ప్రశ్న: నా వయసు 26. తొలి కాన్పు, ఇప్పుడు 29వ వారం. బీపీ, షుగర్ లేవు. బిడ్డ ఎదుగుదల బాగుందని స్కానింగులో చెప్పారు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తెలియకుండా చేసే ఎపిడ్యూరల్ వద్దని, మామూలుగానే కనాలని నా కోరిక. ఆన్‌లైన్‌లో ప్రసవ శిక్షణ క్లాసులకు ఎనిమిది వేలు అడుగుతున్నారు. ‘మేమంతా ఏ క్లాసులకు వెళ్లి కన్నాం?’ అంటున్నారు మా అత్తయ్య. సీమంతం అయ్యాక తాడిపత్రిలోని పుట్టింటికి వెళతాను. కాన్పు మాత్రం అనంతపురంలోనే. క్లాసులో చేరమంటారా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చేరవచ్చు. అయితే డబ్బు కట్టే ముందు మీ ఆసుపత్రితో ఒకసారి మాట్లాడాలి. దానికి పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం క్లాసు కంటే ఎక్కువ.

ముందు మీ అత్తయ్య మాట. అందులో సగం నిజం ఉంది. ఆ తరంలో చాలా కాన్పులు ఇంట్లోనే జరిగేవి. అక్కకో వదినకో నొప్పులు వస్తే ఎలా ఉంటుందో ఆడపిల్లలు చూస్తూ పెరిగేవారు. తమ వంతు వచ్చేసరికి నడుము పట్టుకునేందుకు, ధైర్యం చెప్పేందుకు చుట్టూ మనుషులు ఉండేవారు. వాళ్ల క్లాసు అదే. ఇప్పుడు చాలామంది లేబర్ రూమ్ గడప తొక్కేది తమ కాన్పుకే, అదీ ఒంటరిగా. ఆ లోటును మంచి క్లాసు కొంత పూడుస్తుంది. (ఆ రోజుల్లో ఎందరు తల్లులు, బిడ్డలు దక్కకుండా పోయారో కూడా మరవకూడదు. అందుకే ఆసుపత్రి.)

క్లాసు వల్ల భయం తగ్గుతుంది. నొప్పి వచ్చినప్పుడు బిగుసుకుపోకుండా ఊపిరి ఎలా వదలాలో, ఎలా కూర్చుంటే నడుముకు తేలికో తెలుస్తుంది. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునే వరకు ఎంత సమయమైనా పట్టవచ్చు, ఆ తర్వాత కూడా తొలి కాన్పుకు 12 గంటల దాకా పట్టడం మామూలే. ఈ ఒక్క సంగతి తెలియక, నొప్పులు మొదలైన నాలుగు గంటలకే ‘ఇంకా కాలేదు, ఆపరేషన్ చేసేయండి’ అని కుటుంబమే డాక్టరు మీద పడటం మేము తరచూ చూస్తాం. కానీ క్లాసుకు వెళ్లినంత మాత్రాన సిజేరియన్ తప్పుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. దాని కంటే గట్టి ఆధారం ఉన్నది తోడుకు. నొప్పుల సమయమంతా పక్కనే ఒక మనిషి ఉన్న స్త్రీలలో మామూలు కాన్పులు పెరిగాయని, సిజేరియన్లు, నొప్పి మందుల అవసరం తగ్గాయని పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. కాబట్టి క్లాసులో చేరితే మీ అమ్మనో, మీ వారినో, ఆ రోజు లోపల ఉండబోయే వారెవరైతే వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీకంటే వారికే ఆ పాఠం అవసరం.

వారిని లోపలికి రానిస్తారా అన్నదే ఆసుపత్రిని అడగాల్సిన మొదటి ప్రశ్న. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయంలో ఒక మహిళను తోడుగా ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రైవేటులో ఎవరి పద్ధతి వారిది. నొప్పుల్లో నడవనిస్తారా, మంచానికే పరిమితం చేస్తారా? మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగనిస్తారా? నొప్పులు వాటంతట అవే బాగా వస్తున్నా నొప్పులు పెంచే మందు సెలైన్ పెడతారా? తొలి కాన్పు అయితే అందరికీ యోని ద్వారం దగ్గర కోత వేసి కుట్లు వేస్తారా? ఈ చివరి రెండూ అవసరాన్ని బట్టి చేయాల్సినవే తప్ప అందరికీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 42 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ లెక్క 60 శాతం దాటింది. మీ డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కుంటే ఎనిమిది వేల క్లాసు మీకు పెద్దగా ఉపయోగపడదు. 29వ వారమంటే ఇంకో డాక్టరును చూసుకునే వ్యవధి ఉంది.

మీకు వద్దనుకున్నా, ఎపిడ్యూరల్ ఇచ్చే మత్తు డాక్టరు రాత్రిపూట కూడా అందుబాటులో ఉంటారా అని అడిగి ఉంచుకోండి. నొప్పుల మధ్యలో మనసు మారితే అది ఓటమి కాదు.

‘మందు లేకుండా’ అనే కోరికను నొప్పి తగ్గించే మందుల వరకే ఉంచుకోండి. బిడ్డ పుట్టగానే తల్లికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ రక్తస్రావం ఆపడానికి. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కాదనవద్దు. మన రాష్ట్రంలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. కొద్దిగా రక్తం పోయినా తట్టుకోలేని వారు ఎక్కువ. బిడ్డకు వేసే విటమిన్–కె ఇంజెక్షన్ కూడా రక్తస్రావం రాకుండా చూసేదే, దాన్నీ కాదనవద్దు. మీ హిమోగ్లోబిన్ ఎంతో రాయలేదు. 11 కంటే తక్కువగా ఉంటే క్లాసు కంటే ముందు దాని సంగతి చూడండి.

ఇక క్లాసు ఎంపిక. పాఠం చెప్పేది డాక్టరో, శిక్షణ పొందిన నర్సో అయి ఉండాలి. సిజేరియన్ ఎప్పుడు తప్పదో కూడా చెప్పాలి. నూటికి నూరు శాతం సహజ ప్రసవమని హామీ ఇచ్చేవారు, ఐరన్ మాత్రలు మానమనేవారు, నొప్పులు రావడానికి ఆముదం తాగమనేవారు అయితే అక్కడితో ఆపేయండి. క్లాసులు 36వ వారంలోపు ముగిసేలా చూసుకోండి. ఎనిమిది వేలు భారమైతే, చూపించుకునే రోజున లేబర్ రూమ్ నర్సును ఒక అరగంట అడగండి. ఊపిరి, భంగిమలు, నడుము రుద్దడం ఆమె నేర్పగలదు.

తాడిపత్రి నుంచి అనంతపురం గంటకు పైగా ప్రయాణం. ఐదు నిమిషాలకో నొప్పి వచ్చేదాకా ఇంట్లో ఉండమని క్లాసుల్లో చెబుతారు. అది ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవారికి. మీరు నొప్పులు క్రమంగా వస్తున్నాయని తెలియగానే ఫోన్ చేసి బయలుదేరండి. వీలైతే 38వ వారం నుంచి అనంతపురంలోనే ఉండండి, మీ అమ్మనే అక్కడికి పిలిపించుకోండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి.