కాలు కోల్పోయినవారు తిరుపతిలో ఏ ఆటతో మొదలుపెట్టవచ్చు?

ప్రమాదంలో మోకాలి కింద కాలు కోల్పోయిన మీ తమ్ముడు, కృత్రిమ కాలుతో నడుస్తున్నా ఆటలకు దూరమయ్యాడని, తిరుపతిలో ఏదైనా మార్గం ఉందా అని అడిగారు. నా అభిప్రాయంలో సిట్టింగ్ వాలీబాల్, అంటే నేల మీద కూర్చుని ఆడే వాలీబాల్, మొదటి మెట్టుగా బాగుంటుంది. దీనికి ఖరీదైన క్రీడా చక్రాల కుర్చీ గానీ, పరుగు కోసం ప్రత్యేకంగా చేసే బ్లేడు ఆకారపు కృత్రిమ కాలు గానీ అక్కర్లేదు; నున్నని నేల, నెట్, బంతి ఉంటే చాలు. కోర్టు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. నెట్ ఎత్తు పురుషులకు 1.15 మీటర్లు, మహిళలకు 1.05 మీటర్లు. బంతిని కొట్టేటప్పుడు పిరుదుల నుంచి భుజం వరకు ఏదో ఒక భాగం నేలను తాకి ఉండాలి, అందువల్ల చేతులతో నేలను నెట్టుకుంటూ జరగడమే అసలు కష్టం. మామూలు వాలీబాల్‌కు భిన్నంగా ఇందులో సర్వీసును కూడా బ్లాక్ చేయవచ్చు. అన్నట్టు, అవయవ లోపం లేని స్నేహితులు కూడా సాధనలో పక్కనే కూర్చుని ఆడవచ్చు.

ముందుగా, తితిదే నిర్వహించే బర్డ్ ఎముకల ఆసుపత్రిలో గానీ, కృత్రిమ కాలు అమర్చిన చోట గానీ మోడు భాగాన్ని (కాలు పోగా మిగిలిన భాగాన్ని) చూపించి వైద్యుల సలహా తీసుకోండి. స్థలం, శిక్షకుల విషయం శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయంలో విచారించండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉన్నప్పటికీ, పోటీలకు క్రీడా వర్గీకరణ, అంటే లోపం స్థాయిని బట్టి ఆటగాళ్లను వర్గాలుగా విభజించడం, వేరుగా జరుగుతుంది.