బీకామ్ వాళ్లకు పైథాన్: కరెంటు బిల్లుతో మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇదీ: "బీకామ్ అయింది. కంప్యూటర్ సైన్స్ అస్సలు తెలీదు. పైథాన్ బేసిక్స్ కోసం అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరాలా, యూట్యూబ్ సరిపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేనూ కామర్స్ వాడినే. అకౌంట్స్‌లో పనిచేస్తూ సాయంత్రాలు పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఆఫీసులో నెలవారీ రిపోర్టులు దాంతోనే తీస్తున్నాం, కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేది కూడా నేనే. కోచింగా, యూట్యూబా అన్నది పెద్ద విషయం కాదు. ఎవరో ఒకరు వెంటపడకపోతే మీరు కూర్చోరనుకుంటే చేరండి, తప్పేం లేదు. ఎక్కడ నేర్చుకున్నా ఒక్క అలవాటు మాత్రం చేసుకోండి: రన్ కొట్టే ముందు ఏం రాబోతోందో కాగితం మీద రాయండి. మీరు రాసిందీ వచ్చిందీ కలవని చోటే అసలు బేసిక్స్ ఉంటాయి.

ఇన్‌పుట్‌తో రెండు అంకెలు అడిగి కూడండి. 5, 3 ఇస్తే 8 వస్తుందని అందరూ రాస్తారు. వచ్చేది 53. ఇన్‌పుట్ ఏం తెచ్చినా స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే తెస్తుంది, దాన్ని అంకెగా మార్చుకోవాల్సింది మనమే.

తర్వాత లిస్టులు, అంటే ఒకే పేరు కింద వరుసగా పెట్టుకునే విలువలు. పాత = [10, 20, 30] అని రాసి, దాని కింద కొత్త = పాత అని రాయండి. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా నడుస్తుంది. ఆఫీసులో మాత్రం ఈ ప్రయోగం వద్దు.) ఇప్పుడు అపెండ్‌తో కొత్తలో 40 చేర్చి, పాతను ప్రింట్ చేసి చూడండి. అందులోనూ 40 ఉంటుంది. జిరాక్స్ తీశామనుకుంటాం గానీ, ఉన్న ఒక్క లిస్టుకే రెండో పేరు పెట్టాం, అంతే. విడిగా కావాలంటే కాపీ అని అడిగి తీసుకోవాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఎక్సెల్ అలవాటున్నవాళ్లు మరీనూ.

డబ్బు లెక్కల మనిషి కాబట్టి ఇంకోటి చూడండి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపిస్తుంది. 2.5ని రౌండ్ చేస్తే 2, 3.5ని రౌండ్ చేస్తే 4. సరిగ్గా సగం దగ్గర ఉంటే సరిసంఖ్య వైపు వెళ్లడం దాని పద్ధతి. అందుకే బిల్లుల లెక్కకు డెసిమల్ మాడ్యూల్ (దశాంశాలను కచ్చితంగా లెక్కకట్టే రెడీమేడ్ కోడ్) వాడండి, లేదంటే మొత్తం పైసల్లో లెక్కకట్టి చివర్లో రూపాయలు చేయండి.

ఎర్రర్ రాగానే టెన్షన్ పడి పైనుంచి చదవకండి. చివరి లైను చూడండి. తప్పేమిటో అక్కడ ఉంటుంది, ఏ లైనులో జరిగిందో దానికి కాస్త పైన ఉంటుంది. 3.10 వెర్షన్ నుంచి, పేరులో స్పెల్లింగ్ తప్పితే దగ్గరి పేరేదో అదే సూచిస్తుంది కూడా. ఏఐని అడగాలనుకుంటే ఆ ఎర్రర్‌కి అర్థం అడగండి. కోడ్ రాయించుకుంటే నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇక మొదటి ప్రాజెక్టు. మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. యూనిట్లు ఇస్తే ఎనర్జీ చార్జీలు చెప్పే ఫంక్షన్ (పేరు పెట్టి, కావాల్సినప్పుడల్లా పిలుచుకునే కోడ్) రాయాలి. వినడానికి తేలికే. కానీ తెలంగాణ ఇళ్ల బిల్లుల్లో ఒక మెలిక ఉంది: నెల వాడకం 100 యూనిట్లు దాటిందంటే దాటినవాటికే కాదు, మొదటి 100 యూనిట్లకూ రేటు మారిపోతుంది. కాబట్టి ముందు ఏ కేటగిరీనో తేల్చే ఇఫ్ (షరతు) ఒకటి, దాని లోపల స్లాబులు లెక్కకట్టే ఇఫ్ ఇంకొకటి కావాలి. లోపలి లైనును పొరపాటున నాలుగు స్పేసులు ఇవతలికి జరిపితే ఎర్రర్ రాకుండానే లెక్క తప్పిపోవచ్చు. ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) ఎందుకో ఏ పాఠంలోనూ ఇంత బాగా తెలీదు. ఆంధ్రలో ఉంటే మీ టారిఫ్ వేరు, బిల్లు మీద ఉన్న రేట్లే పెట్టుకోండి.

రాశాక 0, 50, 51, 100, 101 ఇచ్చి చూడండి. "కంటే ఎక్కువ" అని రాయాల్సిన చోట "ఎక్కువ లేదా సమానం" రాసి ఉంటే అక్కడే దొరికిపోతుంది. బిల్లులో ఎనర్జీ చార్జీల లైనుతోనే పోల్చండి. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, డ్యూటీ విడిగా వేస్తారు. మీ లెక్క ఆ లైనుతో సరిపోయాక ఏడాది యూనిట్లను నెల పేరుతో డిక్షనరీలో (పేరు, దాని పక్కన విలువ ఉండే పట్టికలో) పెట్టి, ఒక్కో నెలకూ అదే లెక్క చేసే లూప్ తిప్పి, ఏ నెలలో 100 దాటడం వల్ల ఎంత అదనంగా కట్టారో లెక్క తీయండి. కండిషన్లు, ఫంక్షన్లు, లూపులు, డిక్షనరీ అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి.

వీటికి ఖర్చేమీ అక్కర్లేదు. పైథాన్ రాసి నడిపించుకునే గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పైథాన్ అధికారిక సైట్‌లో ట్యుటోరియల్ ఉచితం. యూట్యూబ్ వీడియోలో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా రాస్తుంటే మాత్రం అది పైథాన్ 2. దానికి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆపేశారు, వెంటనే వేరే వీడియోకి వెళ్లిపోండి.