మామిడి ధర పడిపోయిన దిగులుకు మాత్రలెందుకు?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా ఆయనకు 48 ఏళ్లు, తోతాపురి తోట ఉంది. కాయ ధర పడిపోయినప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడరు. డాక్టరు డిప్రెషన్ అన్నారు. మెదడులో రసాయనాల తేడా అని మాత్రలిచ్చారు. పది రోజులైనా మార్పు లేదు. అప్పుల టెన్షన్‌కు మాత్రలెందుకు, ఆపేయమంటున్నాడు మా మరిది. ఆపేయమంటారా?

జవాబు: ఆపొద్దమ్మా. మెదడులో తేడా అన్న డాక్టరు మాటా, అప్పుల టెన్షన్ అన్న మీ మరిది మాటా రెండూ నిజమే. మనిషి ఎందుకిలా ఉన్నాడని వెతకడానికి మనస్తత్వశాస్త్రంలోనూ ఈ రెండు దారులున్నాయి. ఒకటి విడదీసుకుంటూ నరం, జన్యువు, రసాయనం దాకా వెళ్లడం. రెండోది ఇల్లు, ఊరు, అప్పుతో సహా మనిషిని మొత్తంగా చూడటం.

విడదీసి చూడటాన్ని నేను తక్కువ చేయను. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా ఇలాంటి దిగులే కనిపించవచ్చు. ఆ రక్తపరీక్షలు ఇంకా చేయించకపోతే చేయించండి. కానీ సెరోటోనిన్ అనే మెదడు రసాయనం తగ్గింది, అంతే అంటే మాత్రం ఒప్పుకోను. డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చే మాత్రలు సెరోటోనిన్ మీద గంటల్లోనే పని మొదలుపెడతాయి. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. రసాయనం ఒక్కటే కారణమైతే ఇంత ఆలస్యం ఉండకూడదు కదా! మీకు పది రోజుల్లో మార్పు కనబడకపోవడంలో వింత లేదు.

అప్పు ఒక్కటే కారణమన్నా లెక్క కుదరదు. అదే ధరకు కాయలమ్మిన పక్క తోట రైతుకు ఈ జబ్బు రాకపోవచ్చు. అమెరికా డాక్టర్ జార్జ్ ఎంగెల్ 1977లోనే శరీరం, మనసు, సమాజం మూడూ కలిపి చూడాలని వాదించారు. నాకు అదే సరైన పద్ధతి.

కాబట్టి మాత్రలు సాగనివ్వండి. ఆపాల్సి వస్తే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. కౌన్సెలింగ్ కూడా అడగండి, తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీ మరిదిని బ్యాంకుకెళ్లి వాయిదాల గురించి మాట్లాడమనండి. అదీ వైద్యమే.

ఒక్క పని ఈరోజే చేయండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆయన్ను నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. తోటకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఆయనంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు అర్ధరాత్రయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.