టెక్సస్‌లో లాన్ స్ప్రింక్లర్‌కి బ్యాక్‌ఫ్లో టెస్ట్: ఏటా చేయించాలా?

డాలస్ శివారులో కొత్తగా కొన్న ఇంటికి సిటీ వాటర్ డిపార్ట్‌మెంట్ నుంచి బ్యాక్‌ఫ్లో టెస్ట్ నోటీసు వచ్చిందన్నారు. ఇది ఏటా తప్పదా, మనమే చేసుకోవచ్చా అని అడిగారు. బ్యాక్‌ఫ్లో అంటే స్ప్రింక్లర్ నీళ్లు వెనక్కి తాగునీటి పైపులోకి రావడం. దాన్ని ఆపే డివైస్ సరిగా పనిచేస్తోందా అని చూసేదే ఈ టెస్ట్.

మనం చేసుకోవడం కుదరదండీ. టీసీఈక్యూ (టెక్సస్ రాష్ట్ర పర్యావరణ సంస్థ) లైసెన్స్ ఉన్న బ్యాక్‌ఫ్లో టెస్టరే చేయాలి. అతను ప్రెషర్ కొలిచే గేజ్‌ని కూడా ఏటా తనిఖీ చేయించి ఉండాలి. పిలిచే ముందే ఈ రెండూ అడగండి, మొహమాటం అక్కర్లేదు.

ఏటా చేయించాలా అన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. రాష్ట్ర నిబంధన ప్రకారం మామూలు స్ప్రింక్లర్‌కి డివైస్ బిగించినప్పుడు టెస్ట్ చేస్తే చాలు. కానీ స్ప్రింక్లర్ పైపులోనే ఎరువు కలిపే ఏర్పాటు ఉన్నా, ఇంటికి సెప్టిక్ సిస్టమ్ ఉన్నా అది ఆరోగ్యానికి ముప్పు కింద లెక్క. అప్పుడు ఆర్‌పీజెడ్ రకం డివైసే (నీటిని ఒకే వైపు పోనిచ్చే రెండు వాల్వ్‌ల మధ్య, లీకైన నీటిని బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ ఉండేది) పెట్టాలి, ఏటా టెస్ట్ చేయించాలి. వీటికి మించి సిటీ సొంతంగా కఠినమైన రూలు పెట్టుకోవచ్చు. మీ సిటీ ఆర్డినెన్స్‌లో ఏటా అని ఉంటే ఇక వాదించి లాభం లేదు.

ఇదేదో కాగితాల తంతు అనుకోకండి. వీధిలో మెయిన్ పగిలినా, ఫైర్ ఇంజన్ హైడ్రంట్ నుంచి నీళ్లు లాగినా లైన్‌లో ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు స్ప్రింక్లర్ హెడ్ల దగ్గర నిలిచిన నీళ్లు, గడ్డికి కొట్టిన మందుతో సహా, వెనక్కి వంటింటి కుళాయిదాకా రావచ్చు.

డాలస్ వైపు ఎక్కువ ఇళ్లలో ఉండేది డబుల్ చెక్, అంటే నీటిని ఒకే వైపు పోనిచ్చే రెండు చెక్ వాల్వ్‌లు వరసగా ఉన్న డివైస్. మీటర్ దగ్గర ఆకుపచ్చ మూత ఉన్న పెట్టెలో, నేల లోపల ఉంటుంది. టెస్టర్ వచ్చేలోపు ఆ మూత తీసి చూడండి. చాలాసార్లు బురదనీళ్లలో మునిగి ఉంటుంది. నీళ్లు తోడేసి, చుట్టూ మట్టి తీసి, అడుగున కూడా ఖాళీ ఉంచండి. నాలుగు టెస్ట్ కాక్‌లకీ (గేజ్ తగిలించే చిన్న కుళాయిలు) ఇత్తడిలాంటి, ఇనుము కాని ప్లగ్‌లు ఉండాలి, నీళ్లు వచ్చే వైపు వై స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ) ఉండాలి. నేలలో పెట్టే డబుల్ చెక్‌కి ఇవి రూలులోనే ఉన్నాయి.

టెస్ట్‌లో చూసేది ఇది: డబుల్ చెక్ అయితే రెండు చెక్‌లూ విడివిడిగా కనీసం 1 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ఆపాలి. గోడ పక్కన నేలపైన ఉండే పీవీబీ (ప్రెషర్ పడిపోతే గాలిని లోపలికి వదిలి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే డివైస్) అయితే చెక్ 1 పీఎస్ఐ ఆపాలి, గాలి ద్వారం కూడా 1 పీఎస్ఐకి తగ్గకుండా తెరుచుకోవాలి. ఆర్‌పీజెడ్‌లో రిలీఫ్ వాల్వ్, ప్రెషర్ తేడా 2 పీఎస్ఐకి తగ్గకముందే తెరుచుకోవాలి. గేజ్ తగిలించకుండా పైపైన చూసి పాస్ రాసేవాళ్లని నమ్మకండి.

ఫెయిల్ అయితే వెంటనే డివైస్ మార్చేయమంటారు, తొందరపడొద్దు. ఎక్కువసార్లు కారణం చెక్ రబ్బరు మీద ఇరుక్కున్న ఇసుక రేణువు. విప్పి, కడిగి, రబ్బరు మీద గాటు పడి ఉంటే ఆ మోడల్‌కి దొరికే రబ్బరు కిట్ వేస్తే సరిపోతుంది. డివైస్‌కి అవతలి వైపున్న రెండో షటాఫ్ వాల్వ్ (నీళ్లు కట్టేసేది) లీకవుతుంటే రీడింగే సరిగా రాదు, ముందు దాన్ని చూడమనండి.

పీవీబీకి అసలు శత్రువు చలి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టు చలిలాంటిది వచ్చినప్పుడు లోపలి ప్లాస్టిక్ బోనెట్ (మూత), పాపెట్ (గాలి ద్వారాన్ని మూసే బిళ్ల) పగులుతాయి, నీళ్లు తిప్పగానే పైనుంచి ఎగజిమ్ముతుంది. ఇత్తడి బాడీ చిట్లకపోతే పైపు కోయకుండా ఆ రెండూ మార్చుకోవచ్చు. చలికి ముందు స్ప్రింక్లర్‌కి వెళ్లే నీళ్లు డివైస్‌కి ముందున్న ఇంకో వాల్వ్ దగ్గర కట్టేసి, టెస్ట్ కాక్‌లు తెరిచి ఖాళీ చేసి, డివైస్ మీది రెండు బాల్ వాల్వ్‌లనీ సగం తిప్పి ఉంచండి. పూర్తిగా మూస్తే ఆ బాల్ లోపల చిక్కుకున్న నీళ్లే గడ్డకట్టి వాల్వ్‌ని చీలుస్తాయి.

ఇంకొకటి. నోటీసులోని సీరియల్ నంబరు, డివైస్ మీది నంబరు ఒకటేనా చూడండి. పాత ఓనర్ డివైస్ మార్చి సిటీకి చెప్పకపోతే, మీరు టెస్ట్ పాసైనా రికార్డులో పెండింగే చూపిస్తుంది. టెస్టర్ దగ్గర రిపోర్ట్ కాపీ తీసుకుని, అది సిటీకి చేరిందో లేదో వారం తర్వాత ఫోన్ చేసి కనుక్కోండి.