గిబ్ బిగిస్తే బ్యాక్‌లాష్ పోదండి

మీ మిల్లింగ్ మెషీన్‌లో గిబ్ (టేబుల్ పక్కన ఉండే సర్దుబాటు పట్టీ) బిగిస్తే హ్యాండిల్ బరువెక్కుతోంది, వదిలితే టేబుల్ ఊగుతోంది, బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు హ్యాండిల్ తిరిగినా టేబుల్ కదలని ఖాళీ) మాత్రం ఎలా చేసినా పోవట్లేదు అన్నారు కదా, నేనూ ఆర్నెల్లు ఇదే గోల పడ్డాను. గాజువాక ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న మిల్లింగ్ మెషీన్ నాది.

నా తప్పేటంటే రెండూ ఒకటే జబ్బు అనుకున్నాను. గిబ్ ఉన్నది డోవ్‌టెయిల్‌లో, అంటే టేబుల్ జారే ఏటవాలు గాడిలో, పక్కలూజు తీయడానికి, బ్యాక్‌లాష్ ఉండేది హ్యాండిల్ తిప్పితే టేబుల్ని జరిపే లీడ్‌స్క్రూ దగ్గర. గిబ్ బాగా బిగిస్తే ఆ ఖాళీ అలాగే ఉంటుంది, పైగా టేబుల్ పట్టేసి హ్యాండిల్ తిప్పినా కదలదు, తర్వాత ఒక్కసారి గెంతుతుంది, 0.02 మిల్లీమీటర్లు జరుపుదామంటే 0.06 జరిగి కూర్చుంటుంది.

మా వీధిలో రిటైరైన ఫిట్టర్ ఒకాయన వచ్చి చూసి "ముందు స్క్రూ పీకెయ్ బాబూ, ఉత్త టేబుల్ని చేత్తో తోసి చూడు" అన్నారు. తోస్తే మధ్యలో జారుతోంది, చివర్లో పట్టేస్తోంది. పాత మెషీన్ కదా, ఎక్కువ పని జరిగే మధ్యభాగమే అరిగింది, నేనేమో మధ్యలో పెట్టి గిబ్ బిగించాను! చివర్లో పెట్టి ఫ్రీగా జారేలా సెట్ చేసుకోవాలి, మధ్యలో కాస్త లూజుంటే భరించాలి. గిబ్ బయటికి తీస్తే ఇంకోటి బయటపడింది, గిబ్‌ని బిగించే చిన్న స్క్రూల మొనలు దాని గుంటల్లో సరిగ్గా కూర్చోక, టేబుల్ దిశ మార్చినప్పుడల్లా గిబ్బే అటూ ఇటూ జరుగుతోంది. మొనలు ఆకురాయితో సరిచేశాను. అన్నట్టు గ్రీజు రాయకండి, బూర్ (లోహపు రజను) అంతా అతుక్కుంటుంది, 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిల్ చాలు, మనది అసలే సముద్రపు గాలి, వారం తుడవకపోతే తుప్పు రెడీ.

ఇక బ్యాక్‌లాష్. లీడ్‌స్క్రూ మళ్ళీ బిగించి, హ్యాండిల్ తిప్పకుండా టేబుల్ని అటూ ఇటూ తోస్తే, చిన్న కదలికలు కొలిచే డయల్ గేజ్‌లో 0.35 మిల్లీమీటర్లు వచ్చింది. గేజ్ తీసి స్క్రూ చివర పెట్టి మళ్ళీ తోస్తే అక్కడే 0.2, అంటే సగంపైన లూజు స్క్రూ తిరిగే నట్టులో కాదు, చివరి బ్రాకెట్ దగ్గర లాక్‌నట్టు లూజు. అది బిగించి ఒక షిమ్ (పలచటి రేకు) వేస్తే ఆ 0.2 దాదాపు పోయింది. మిగతా 0.15 నట్టు అరుగుదల, దాన్ని వదిలేశాను, ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకి వస్తాను, దాటిపోతే అరచుట్టు వెనక్కెళ్ళి మళ్ళీ వస్తాను. క్లైంబ్ మిల్లింగ్, అంటే కటర్ పళ్ళు కోసే దిశలోనే టేబుల్ని జరపడం, మాత్రం చెయ్యను, కటరే టేబుల్ని లాగేసుకుంటుంది, అలా ఓ 6 ఎంఎం ఎండ్‌మిల్ విరిగింది, ఇంకా గుర్తుంది.

మీరు కూడా ముందు స్క్రూ తీసి తోసి చూసి, మధ్యలో ఎలా ఉందో చివర్లో ఎలా ఉందో చెప్పండి.