పల్లె బతుకు, పండగల ఆయిల్ పెయింటింగుల్లో ఏం చూడాలి?

ఆగ్నేయాసియా బొమ్మలు బాగున్నాయి కానీ వాటిలో ఏం చూడాలో తెలియట్లేదు అన్నారు కదా, ఒక్కరితో మొదలుపెట్టండి: ఫిలిప్పీన్స్ చిత్రకారుడు ఫెర్నాండో అమోర్సోలో (1892–1972). ముందు వెలుగు ఎటు నుంచి వస్తోందో చూడండి. ఆయన తరచూ సూర్యుణ్ని మనుషుల వెనక పెడతారు, అందుకే నాట్లు వేసే ఆడవాళ్ల మొహాలు కాస్త నీడలో ఉండి, భుజాల అంచులు మాత్రం బంగారు గీతల్లా మెరుస్తాయి. వరినాట్లు మనకు కొత్త కాదు, ఆ వంగిన నడుములు చూడగానే తెలిసిపోతాయి.

పండగ బొమ్మ అయితే (1947 నాటి ‘ఆంటిపోలో’ వెతకండి) మధ్యలో ఉన్నవాళ్లను వదిలేసి గుంపు అంచులకు వెళ్లండి, నాకు అసలు సందడి అక్కడే దొరుకుతుంది.

ఒక్క పేచీ ఉంది. ఆయన పొలంలో ఎవరికీ అలుపు రాదు. 1946 దాకా దేశం అమెరికా చేతిలో ఉంది, మధ్యలో జపాన్ ఆక్రమణ, ఊళ్లలో కౌలు కష్టాలు, ఆ నాట్ల బొమ్మల్లో ఇవేవీ కనిపించవు. వెలుగు నచ్చుతుంది, కథను సగమే నమ్ముతాను.

ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద చూడండి, చిన్నదాంట్లో ఆ అంచు మెరుపు పోతుంది.