పోలీసు కారు మీద దేవుడి పేరు

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా కౌంటీ (జిల్లా లాంటిది) షెరిఫ్ (పోలీసు అధిపతి) కార్లన్నిటి వెనకా ‘ఇన్ గాడ్ వి ట్రస్ట్’ (దేవుణ్ణి నమ్ముతాం) స్టిక్కర్లు వేశారు. ఇది చట్టానికి సమ్మతమేనా? తీయించవచ్చా? మావి ఇంకా వీసాలే.

జవాబు: ఆ మాటొక్కటే ఉంటే తీయించడం కష్టం. 1956 నుంచి అది అమెరికా జాతీయ నినాదం. నాణేల మీదా నోట్ల మీదా అది ఉండటం మతాన్ని రుద్దడం కాదని, దేశభక్తికి, లాంఛనానికి సంబంధించినదని 1970లో అరోనో కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. 2015లో టెక్సాస్ అటార్నీ జనరల్ కూడా షెరిఫ్ స్టిక్కర్లకు అనుకూలంగా అభిప్రాయమిచ్చారు. అది తీర్పు కాదు గానీ అధికారులకు అండ. జేబులో నోటు వేరు, అర్ధరాత్రి మన కారు ఆపిన బండి వేరు అనిపించడం సహజమే. ఆ ఒక్క వాదనతో కేసు నిలబడుతుందని మాత్రం అనుకోం.

స్టిక్కర్‌ను దగ్గర నుంచి చూడండి. జెండా బొమ్మలో సిలువ గానీ, బైబిల్ వచనం గానీ కలిసి ఉంటే మీ పక్షం బలపడుతుంది. ఆ రాష్ట్రంలోనే బ్రూస్టర్ కౌంటీ షెరిఫ్ కార్ల మీద సిలువ బొమ్మలుండేవి. 2016లో దావా పడ్డాక కౌంటీ నిబంధన మార్చి వాటిని తీయించింది.

ముందు సమాచారం రాబట్టండి. టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద ఈమెయిల్ చేసినా చాలు. పౌరసత్వంతో పని లేదు, ఎందుకు కావాలని వాళ్లు అడగకూడదు. చాలామంది ‘ఎందుకు అంటించారు?’ అని రాసి ఖాళీ చేతులతో మిగులుతారు. చట్టం ఉన్న కాగితాలే ఇప్పిస్తుంది, ప్రశ్నలకు జవాబులు కాదు. అందుకని స్టిక్కర్ల బిల్లు, ఆర్డరు, డబ్బు ఎవరిచ్చారో తెలిపే రసీదు, దానిపై నడిచిన ఈమెయిళ్లు కావాలని, తేదీలతో సహా అడగండి. 10 పనిదినాల్లో కాగితాలైనా ఇవ్వాలి, ఎప్పుడిస్తారో రాసైనా తెలపాలి, దాచదలిస్తే అటార్నీ జనరల్ నిర్ణయమైనా కోరాలి.

తర్వాత కమిషనర్స్ కోర్టుకు లేఖ రాయండి. పేరుకే కోర్టు, పని కౌంటీ పాలకమండలిది. షెరిఫ్ ఎన్నికైన వ్యక్తి కాబట్టి వాళ్ల మాట వినకపోవచ్చు. బడ్జెట్ మాత్రం వాళ్ల చేతిలోనిదే. పాత నమూనా లేఖల్లో కనిపించే ‘లెమన్ పరీక్ష’ను (ప్రభుత్వం మతాన్ని ప్రోత్సహిస్తోందా అని తేల్చడానికి కోర్టులు వాడిన పాత కొలమానం) ఎత్తకండి. 2022లో కెనెడీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టేసి చరిత్ర, సంప్రదాయం చూడమంది. రోడ్డు మీద కారు ఆపినప్పుడు అధికారితో ఈ వాదన పెట్టుకోవద్దు.

ప్రశ్న: దొంగతనం కేసులో నేను సాక్షిని. దేవుణ్ణి నమ్మను. స్టేషన్‌లో దేవుడి మీద ప్రమాణం చేయమంటే?

జవాబు: భారతదేశంలో దర్యాప్తులో పోలీసులు సాక్షిని విచారించేటప్పుడు ప్రమాణమే లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 180వ సెక్షన్ కింద మీరు చెప్పింది వాళ్లు రాసుకుంటారు. 181 ప్రకారం దానిపై మీ సంతకం కూడా తీసుకోకూడదు. (మీరే ఫిర్యాదుదారు అయితే ఫిర్యాదు మీద సంతకం తప్పదు.) మేజిస్ట్రేటు ముందు గానీ, విచారణలో బోను ఎక్కినప్పుడు గానీ ప్రమాణం ఉంటుంది. అక్కడ కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం దైవసాక్షిగా చెప్పడమో, దేవుడి పేరు లేకుండా నిజమే చెబుతానని ధ్రువీకరించడమో మీకే వదిలింది. బెంచి క్లర్కు అలవాటుగా ‘దైవసాక్షిగా’ అని అందిస్తుంటాడు. పేరు పిలవకముందే అతనికి ఒక మాట చెప్పి ఉంచండి.